శిశువుల కనురెప్పలు - దృష్టిదోషము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి విచ్చేసిన మీకు విద్యాభివృద్ధిని గూర్చి పెద్దలు విన్నవించి యున్నారు. చదువునకు మొదటి సాధనము కన్ను గనుక, పసిబిడ్డల కనురెప్పలను గూర్చి మేము నాలుగు మాటలు మనవి చేయుదుము.

ముందుగా మా పొరపాటునే యొప్పుకొందుము. మా మనుమరాలికి పుట్టుకతోనే యెడమకంటి పైరెప్ప వ్రాలియుండెను. నిద్రకన్నని ముద్దు చేసితిమి. నడక నేర్చిన పిదప గడ్డమెత్తి, కనుబొమలు పైకి లాగి చూచుచుండగా గర్వమని నవ్వితిమి. పెండ్లియీడునకు శస్త్రము చేయింతము లెమ్మని యూరకుంటిమి. తొమ్మిదవయేట పరీక్షింపగా నా కంటికి అక్షరములు సరిగా నానవని తేలెను. ఆ బిడ్డ తల యెత్తినది గర్వముచే గాదు, రెప్పక్రిందినుండి లోకమును చూచుటకు!

కనుగ్రుడ్డునకు ముందున్న పారదర్శకమగు పొరను కార్నియా యందురు. అది బంతివలె అన్నివైపుల సమానమైన వంపుతో నుండవలయును. వ్రాలిన రెప్పగాని, రెప్పలోని గడ్డగాని, రక్తనాళముల కంతిగాని దానిపై నొత్తిన, ఒకవైపు వంపు హెచ్చి, కాంతి యొక్కచోట కూడదు. నిలువుగీత తెలిసిన అడ్డగీత మసకబారును. ఇదియే ఆస్టిగ్మాటిజము. రెప్ప వ్రాలిన ప్రతి బిడ్డకు నిది యుండునని కాదు. తక్కినవారికన్న వీరియందు హెచ్చుగా కానవచ్చును. 1801లో థామస్ యంగు తన కంటియందే యీ దోషమును గుర్తించెను. 1825లో జార్జి ఎయిరీ తన కంటికి స్థూపాకార కటకమును చేయించుకొనెను. కావున దీనిని అద్దములతో సవరించు విద్య క్రొత్తది కాదు.

ఆలస్యమే అసలు శత్రువు. మసకబొమ్మను పంపు కంటిని పసివాని మెదడు క్రమముగా నిరాకరించును. దానినే సోమరికన్ను అందురు. ఏడెనిమిదేండ్లలోపల అద్దములిచ్చి, మంచికంటిని దినమునకు కొన్నిగంటలు మూసి, రెండవకంటిచే పని చేయించిన చూపు చాలవరకు మరలును. పిదప ఫలము తగ్గుచుండును. రెప్ప కంటిపాపను మూయుచున్నచో శస్త్రచికిత్సయు త్వరగా జరుగవలయును. అంతమాత్రమున అద్దములు మానవచ్చునని తలపరాదు. మరల పరీక్ష చేయింపవలయును. మా మనుమరాలు నేడు అద్దములు ధరించుచున్నది. పోయిన యేండ్లను మేము తిరిగి యీయజాలము.

మదనపల్లెచెంత ఆరోగ్యవరమున 1915లో వెలసిన క్షయ చికిత్సాలయము, రోగమును దాచరాదని మన ప్రాంతమునకు నేర్పినది. 2019 అక్టోబరు 10న మన రాష్ట్రమున కంటివెలుగు పథకము బడిపిల్లల పరీక్షలతోనే యారంభమైనది. అయినను రెప్ప వ్రాలిన బిడ్డ బడియీడు వచ్చువరకు వేచియుండరాదు. కుప్పమున వైద్యకళాశాలాసుపత్రియు, తిరుపతిలో అరవింద కంటియాసుపత్రియు నున్నవి. దూరము నెపము కాజాలదు.

అద్దములు పెట్టిన ఆడపిల్లకు సంబంధము కుదరదను భయమును విడువుడు. చదువలేని కన్నుకన్న ముక్కుపై నద్దము మేలు. దాతలారా! విద్యార్థి వేతనములతోపాటు బీదబిడ్డల అద్దములకును ప్రయాణపు ఖర్చులకును కొంత సొమ్ము కేటాయింప ప్రార్థించుచున్నాము. తల్లులారా! నేటి రాత్రి యిండ్లకేగి బిడ్డల రెప్పలను దీపపువెలుగున నొకసారి పరికింపుడు.

ఇంతటితో విరమించుచున్నాము.