కరాటే విద్యయు, దాని గురుశిష్య సంప్రదాయమును



ఆత్మరక్షణమునకై కరాటే నేర్వవలెనను కోరిక నేడు పట్టణములనుండి పల్లెలకును ప్రాకినది. బాలికలును నేర్చుచున్నారు, నేర్వవలసినదే. అయితే ప్రైవేటు మాస్టరునకు నెల జీతమిచ్చి నాలుగు దెబ్బలు నేర్చినంతనే ఈ విద్య పట్టుబడునని యెంచువారు, దీనిని జపానునందు వ్యాపింపజేసిన గిచిన్ ఫునకోషి యెట్లు నేర్చెనో వినుట మంచిది.

ఈయన 1868లో ఒకినావా ద్వీపమందలి షూరి పట్టణమున జన్మించెను. పుట్టుకతోనే దుర్బలుడు. తాతగారియొద్ద చీనా ప్రాచీనగ్రంథములు చదివెను. సహాధ్యాయియైన యొక బాలుని తండ్రి అజాతో. ఆ మహనీయుడు కరాటేయందు నిష్ణాతుడు, చీనా సాహిత్యమునందును పండితుడు. ఫునకోషి ఆయననే ఆశ్రయించెను. నాడు ఆ విద్యకు బహిరంగశాలలు లేవు. రహస్యముగ, రాత్రివేళ, గురువుగారి పెరటిలోనే అభ్యాసము. బడిపంతులైన పిదపకూడ ఆయన పగలు పాఠములు చెప్పి, రాత్రి గ్రుడ్డిదీపము చేతబట్టి గురుగృహమునకు నడచిపోయి, తెల్లవారుజామున ఇల్లు చేరుచుండెను. వేశ్యాగృహమునకు పోవుచున్నాడని ఇరుగుపొరుగువారు గుసగుసలాడిరి!

పాఠమేమన, ఒకే కాతా. కొట్టుటయు కాచుకొనుటయు ఒక క్రమమున గూర్చిన అడుగుల వరుసకు కాతా యని పేరు. (మన కరణాల ఖాతాతో చుట్టరికము లేదు గాని, ఇదియు దినదినము సరిచూడకున్న బాకీపడు లెక్కయే.) గురువు వసారాలో కూర్చుండి చూచి, మరల చేయుమనును. చేసిన పిదప, మరల చేయుమనును. నెలలు గడచినను క్రొత్తపాఠము లేదు. శిష్యునకు విసుగును, అవమానమును కలిగెడివి. ఎన్నడైన గురువు బాగున్నదని ఒక్కమాట యన్నచో అదియే మహాప్రసాదము. ఇతోసు అను మరియొక గురువునొద్ద మూడు కాతాలకు పదేండ్లు పట్టినవి. లెక్కచూచినచో ఒక్కొక్కదానికి మూడేండ్లకు పైమాట!

ఇంత విద్యయు ఎచట వినియోగపడెను? ఒకనాడు అత్తవారింట పితృదేవతలకు నివేదింప భక్ష్యములు కొనిపోవుచుండగా, ఇద్దరు దుండగులు దారి యడ్డగించిరి. ఆయన కొట్టలేదు, పొట్లము వారిచేతిలో బెట్టి సాగిపోయెను. ఇది విని ఇతోసు, తాను నేర్పిన శ్రమ ఫలించెనని సంతసించెను. మరి నివేదన యేమి చేసితివని అజాతో నవ్వుచు నడిగెను. చేత నేమియు లేకుండుటచే మనసార ప్రార్థించితినని శిష్యుడు విన్నవింపగా, కరాటే తత్త్వమదియేనని మెచ్చుకొనెను.

ఇచట తల్లిదండ్రులకొక సందేహము కలుగకమానదు. దుండగుడు ఆడుబిడ్డ చేతిలోని పొట్లమును గాక చేతినే పట్టుకొన్నచో? పొట్లము నీయవచ్చును, మానము నీయరాదు గదా! అప్పుడు కొట్టి, కేకవేసి, పరుగెత్తుటయే ధర్మము. నేర్చినది అందులకే.

1922లో ఫునకోషి టోక్యో నగరమున ఈ విద్యను ప్రదర్శించి, అక్కడనే నిలిచి విశ్వవిద్యాలయ విద్యార్థులకు నేర్పెను. 1957లో పరమపదించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము, ఎనుబదియేండ్ల ప్రాయమున, ఒకరాత్రి ఇంటికి మరలుచుండగా ఒకడు దోచుకొనవచ్చి గొడుగుతో కొట్టబోయెను. వృద్ధుడు వంగి తప్పించుకొని, వాని ఆయువుపట్టును పట్టెను. అంతలో గస్తీపోలీసు రాగా వానిని అప్పగించెను. కాని ఆయనకు గర్వము కలుగలేదు. యుద్ధమునుండి మరలివచ్చి, పనిలేక, ఆ క్షణమున బుద్ధిచెడిన సైనికుడేమో యని తోచెను. తానై పైబడరాదని శిష్యులకు నిత్యము బోధించు తానే ఆ పని చేసితినని సిగ్గుపడి, ఆ సంగతి దాచక తన జీవితకథలో వ్రాసికొనెను.