షిల్లింగుకు ఎన్ని పైసలు?

 

కెన్యా గురించి రెండు మాటలు చెప్పమన్నారు. సింహాల గురించి అడుగుతారనుకున్నాను. నిన్న రాత్రి భోజనాల దగ్గర అందరూ అడిగింది ఒకటే, 'అక్కడి డబ్బు మన డబ్బులో ఎంతప్పా?' అని.

అక్కడి డబ్బు షిల్లింగు. ఒకప్పుడు అక్కడ నడిచింది మన రూపాయే. 1896లో మొదలైన మొంబాసా రైలుదారి పనికి మన దేశం నుంచి పోయిన కూలీలకు జీతం రూపాయల్లోనే ఇచ్చేవాళ్ళు. 1920లో ఇంగ్లీషువాళ్ళు రూపాయిని తీసేసి ఫ్లోరిన్ తెచ్చారు, ఆ వెంటనే షిల్లింగు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1966లో కెన్యా, టాంజానియా, ఉగాండా ఎవరి షిల్లింగు వాళ్ళు వేసుకున్నారు. పేరు ఒకటే, విలువ వేరు. 2024 మధ్యలో ఒక కెన్యా షిల్లింగుకు టాంజానియావి ఇరవై దాకా వచ్చేవి.

నా జీతం కెన్యా షిల్లింగుల్లో, ఇక్కడి అప్పు రూపాయల్లో. 2021లో షిల్లింగుకు 66 పైసలు వచ్చేవి. నెలకు రెండు లక్షల షిల్లింగులు పంపితే ఇంటికి 1,32,000 రూపాయలు చేరేవి. ఇంటి లోను కంతు, పాప కాలేజీ ఫీజు, అమ్మ మందులు అందులోనే. 2024 జనవరికి అదే షిల్లింగు 52 పైసలకు దిగింది. నెలకు 28,000 తక్కువ. జీతం ఒక్క షిల్లింగు తగ్గలేదు, చేసే పని కూడా తగ్గలేదు! అమ్మకు ఫోన్లో ఇది చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. 'అక్కడ ఖర్చు ఎక్కువ పెడుతున్నావేమో నాయనా' అనింది.

ఎందుకు పడింది? ఆ జూన్‌లో కెన్యా ప్రభుత్వం రెండు వందల కోట్ల డాలర్ల అప్పు తీర్చాలి. తీర్చలేదేమోనని అందరూ డాలర్ల మీద పడ్డారు. మనకు కొత్తేం కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా దాదాపు 200కు పోలేదా? సరుకు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. డాలరూ అంతే.

నేనూ భయపడ్డాను. దాచుకున్న పది లక్షల షిల్లింగులు, డాలరుకు 162 లెక్కన మార్చేశాను. 6,170 డాలర్లు వచ్చాయి. ఫిబ్రవరిలో ప్రభుత్వం నూట యాభై కోట్ల డాలర్లకు కొత్త బాండ్లు అమ్మి పాత అప్పులో చాలా భాగం తీర్చింది. మార్చికల్లా డాలరు 132కు దిగింది. ఆగి ఉంటే 7,575 డాలర్లు వచ్చేవి. మన లెక్కలో లక్షా పదివేలకు పైగా పోయింది. త్రైరాశికం నేర్పిన మా లెక్కల సారు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, లెక్క తప్పలేదు, తొందరపడ్డాను.

ఆ తర్వాత కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు సగం జీతం డాలర్లలో అడిగాను. కొంచెం గునిశారు గానీ ఇచ్చారు. మన పిల్లలెవరైనా అటువైపు ఉద్యోగానికి పోవాలనుకుంటే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఆఫర్ లెటరు తెచ్చుకోండి, కలిసి చూద్దాం.