కార్డు పారేయకండి, తేదీ మరువకండి
(కాజీపేటలో తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, బడిపంతులును. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. సూదుల గురించి మాట్లాడమంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలె. ఇన్నేండ్లుగా పిల్లలను ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నాను. పుట్టిన తేదీ అడిగాను, కులం సర్టిఫికెట్ అడిగాను, ఆధార్ అడిగాను. టీకా కార్డు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అయిదారేండ్లకు డీపీటీ రెండో బూస్టర్ వేయించాలె. అంటే పిల్ల బడి గడప తొక్కే ఏడే. మరి అడగాల్సింది ఎవరు? నేనే కదా!

ఇటుక బట్టీలకు పోయి వచ్చిన ఇంటి పిల్లగాడు ఒకడు మా బడిలో చేరిండు. తల్లి బట్టల మూటలోంచి కార్డు తీసింది. తొమ్మిది నెలల సూది దాకా తేదీలున్నాయి. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. "అన్నీ ఏయించిన గద సారూ, ఇంకా ఉన్నయా?" అన్నది. ఆ తల్లిని తప్పు పట్టగలమా? పిల్లగానికి పదహారు నెలలు నిండేసరికి ఆమె ఊళ్లో లేదు, బట్టీ మీద ఉంది. ఇంకా ఉన్నాయని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

బూస్టర్ అంటే ఏంది? చెరువు కట్ట ఒకసారి పోస్తే సరిపోతదా? ఏండ్లు గడిచినకొద్దీ కట్ట దిగుతది. వాన రాకముందే మళ్లీ మట్టి పోసి గట్టి చేస్తాం. మొదటి సూదులతో ఒంట్లో వచ్చిన బలం కూడా అట్లనే తగ్గుతది. దాన్ని మళ్లీ లేపేదే బూస్టర్.

ఇప్పుడు తేదీలు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ సూదులు. తొమ్మిది నెలలు నిండినంక తట్టు, రుబెల్లా మొదటి డోసు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల లోపల డీపీటీ మొదటి బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్, తట్టు రెండో డోసు. అయిదారేండ్లకు డీపీటీ రెండో బూస్టర్. పదేండ్లకు ఒకసారి, పదహారేండ్లకు ఒకసారి టీడీ సూది. గర్భిణికి టీడీ రెండు డోసులు, నాలుగు వారాల ఎడం. ఆ రెండూ వేసుకున్న మూడేండ్ల లోపల మళ్లీ గర్భం వస్తే ఒక్క బూస్టర్ చాలు. సర్కారు దవాఖానల్లో ఇవన్నీ ఉచితం.

తేదీ తప్పితే? మొదటి నుంచి వేయనక్కర లేదు. ఆగినకాడి నుంచి వేస్తారు. కాని గడువున్నది. తట్టు సూది అయిదేండ్ల దాకనే, డీపీటీ ఏడేండ్ల దాకనే. ఏడు దాటితే టీడీ ఇస్తారు, అందులో కోరింత దగ్గు మందు ఉండదు. ఆ పిల్లగానికి ఆరేండ్లు. ఏఎన్ఎం అమ్మ కార్డు చూసి డీపీటీ వేసింది. తట్టు రెండో డోసు గడువు మాత్రం దాటిపోయింది. ఇంకో ఏడాది ఆగితే డీపీటీ గడువూ పోయేది.

జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నదని సూది ఆపకండి. డీపీటీ తర్వాత జ్వరం, వాపు రావడం మామూలే. మునుపటి సూదికి ఫిట్స్ లాంటివి వస్తే మాత్రం ముందే చెప్పండి. కంఠసర్పి గొంతులో పొర కట్టి ఊపిరి ఆపుతది. అది పాతకాలపు రోగం కాదు. ఇటీవలి ఏండ్లలో కూడా హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కంఠసర్పితో పిల్లలు వచ్చారు.

అర్హత ఎవరు రాస్తారన్నది కూడా చూడాలె. కరోనా బూస్టర్ సంగతి యాది చేసుకోండి. 2022 జనవరి 10న వైద్య సిబ్బందికి, ముందువరుస కార్మికులకు, అరవై దాటిన రోగులకు మొదలుపెట్టారు. రెండో డోసుకు తొమ్మిది నెలల ఎడం ఉండాలన్నారు. ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిది దాటినోళ్లందరూ అర్హులే అన్నారు, కాని అరవై లోపువాళ్లకు ప్రైవేటు కేంద్రాల్లో, డబ్బులకు! టీకాకు 225 రూపాయలు, సూది వేసినందుకు 150 దాకా. ఇంట్లో నలుగురుంటే కూలివాడు ఎక్కడి నుంచి తెస్తడు? జులైలో ఎడం ఆరు నెలలకు తగ్గించారు. జులై 15 నుంచి 75 రోజులు ఉచితమన్నారు. సెప్టెంబరు 30తో అదీ అయిపోయింది. కాగితం మీద అందరూ అర్హులే. జేబు చూస్తే కొందరే అర్హులు.

1897లో పుణె ప్లేగులో రోగులకు సేవ చేస్తూ మన సావిత్రిబాయి ఫూలే ప్రాణం విడిచింది. ఆ ఏడాదే బొంబాయిలో హాఫ్కిన్ ప్లేగు టీకా తయారుచేసి ముందు తన ఒంటికే వేసుకున్నాడు. టీకా పుట్టడం ఒకటి, అది వాడదాకా రావడం ఇంకొకటి. రెండోది మనం అడిగితేనే జరుగుతది.

అందుకే కార్యకర్తలకు మూడు పనులు. వాడవాడకు పోయి టీకా కార్డులు చూడండి, ఖాళీ గళ్లు రాసుకోండి. వలస పోయే కుటుంబాల పేర్లు పోకముందే ఆశ కార్యకర్తకు ఇవ్వండి, కార్డు వెంట తీసుకపొమ్మని చెప్పండి, ఏ ఊళ్లోనైనా సూది వేయమని అడిగే హక్కు ఉన్నది. బట్టీల దగ్గరికి, కూలి అడ్డాలకు టీకా బృందాన్ని పంపాలని అర్జీ పెట్టండి. మా పంతుళ్ల పని మేం చేస్తాం. ఈ ఏడు నుంచి మా బడిలో అడ్మిషన్ నాడు మొదట అడిగేది టీకా కార్డే. కార్డు లేదని మాత్రం ఏ పిల్లనూ వెనక్కి పంపను. చేర్చుకొని, తల్లిని వెంటబెట్టుకొని ఏఎన్ఎం దగ్గరికి నేనే పోతాను.

రేషన్ కార్డు ఎట్ల దాస్తారో టీకా కార్డు అట్ల దాయండి. జై భీమ్!