నాణ్యత అందరి బాధ్యత



మా తాతలు సముద్రం దాటి వచ్చినవారు. మేము మూడవ తరం. వృత్తి బడిపంతులు పని. మా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చినది. అటువంటి మాకు కర్మాగారాల ఊసెందుకని మీకు తోచవచ్చును. ఈ ముఐథర్‌లో తెలుగు నేర్చుకొంటున్న మన పిల్లలు రేపు ఏ మెసాయీద్‌లోనో, ఏ రాస్ లఫాన్‌లోనో పదిమంది చేత పని చేయించేవారు కావచ్చును. అందుకే ఈ నాలుగు మాటలు.

సరుకు తయారైన తరువాత తనిఖీదారు వచ్చి మంచిదీ చెడ్డదీ వేరు చేస్తే చాలునని లోకం చాలాకాలం అనుకొన్నది. ఆవకాయ పెట్టే మన ఇల్లాళ్ళు అలా అనుకోరు. కాయ తుడిచేవారు, ముక్క కొట్టేవారు, కారం కలిపేవారు, అందరూ తడి తగలకుండా చూసుకోవలసిందే. ఒక్క తడి చెయ్యి చాలు, జాడీ అంతా బూజు పట్టడానికి. మూత తీసి చూసేవారు బూజును కనిపెట్టగలరు గాని, పోగొట్టలేరు.

ఈ సంగతిని శాస్త్రంగా మలచినవారు జపాన్ వారు. 1950లో అమెరికా గణాంక శాస్త్రవేత్త డెమింగ్ అక్కడి ఇంజనీర్లకు ఉపన్యాసాలిచ్చారు. 1962లో ఇషికావా అనే ఆచార్యుని ప్రోత్సాహంతో క్వాలిటీ సర్కిళ్ళు పుట్టాయి. ఒకే చోట పనిచేసే ఆరుగురో పదిమందో తమంతట తాము జట్టు కడతారు. వారానికొకమారు ఒక గంట కూర్చుంటారు. తమ పనిలోని ఒక చిక్కును ఎంచుకొని లెక్కలు సేకరిస్తారు. లోపం మనిషిదా, యంత్రానిదా, ముడిసరుకుదా, పద్ధతిదా అని చేపముల్లు ఆకారంలో బొమ్మ గీసి కారణాలు వెదకుతారు. పరిష్కారాన్ని పై అధికారుల ముందు తామే వివరిస్తారు.

భారతదేశంలో దీనికి తొలి అడుగు పడినది మన హైదరాబాదు చెంతనే అని చెప్పుకోవడం మనకు గర్వకారణం. 1980 దశకం ఆరంభంలో రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో, అప్పటి జనరల్ మేనేజరు ఎస్.ఆర్. ఉడుప చొరవతో ఈ సర్కిళ్ళు మొదలయ్యాయి. టర్బైన్లు తయారుచేసే చోట, యంత్రం మీద చెయ్యి వేసినవాని మాటకు విలువ కట్టడం ఆనాటికి కొత్త. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడినది. దాని కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది.

అయితే ఇక్కడొక మెలిక ఉన్నది. "నాణ్యత అందరి బాధ్యత" అని గోడ మీద వ్రాయడం సులువు. ఆ మాటను అడ్డం పెట్టుకొని తప్పంతా కూలివాని నెత్తిన రుద్దడం మరీ సులువు. లోపాలలో నూటికి 94 పాళ్ళు పని ఏర్పాటులోనివేనని, దానిని సరిదిద్దవలసినది యాజమాన్యమేనని డెమింగ్ అంచనా. కర్మాగారం నుండి భయాన్ని తరిమివేయమని కూడా ఆయన బోధించారు. లోపం చూపిన వానికి చీవాట్లు పడితే, మరునాడు ఎవరూ నోరు విప్పరు. బాధ్యత పంచినవారు మాట్లాడే హక్కును కూడా పంచవలెను.

గల్ఫ్‌లో ఈ ప్రశ్న మరింత బరువైనది. ఒకే వరుసలో తెలుగువాడు, నేపాలీ, ఫిలిప్పీన్స్ వాడు నిలబడతారు. భాష చాలదు, ఉద్యోగభయం తోడవుతుంది. కతార్ 2004 నాటి కార్మిక చట్టం ఒక దారి చూపినది. 30 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థలో, యాజమాన్యం వారూ కార్మికుల ప్రతినిధులూ సరిసమానంగా ఉండే ఉమ్మడి కమిటీ ఏర్పరచుకోవచ్చును. పని ఏర్పాటును, ఉత్పాదకత పెంపును అక్కడ చర్చించవచ్చును. ఆ ప్రతినిధుల ఎన్నికకు 2019లో నియమాలు వచ్చాయి. యజమాని అనుమతి పత్రం లేకుండానే ఉద్యోగం మారే వీలు 2020 చట్టంతో కలిగినది. మారగలిగినవాడే ధైర్యంగా "ఇది సరిగా లేదు" అనగలడు.

కనుక, పిల్లలారా, మీరు పెద్ద కుర్చీలో కూర్చున్ననాడు "ఎవడు పాడుచేశాడు?" అని అడగకండి. "ఎక్కడ పాడైంది, మీకేమి తోస్తున్నది?" అని అడగండి. అడిగిన తరువాత ఓపికగా వినండి. పని నేర్పే చేతులు ఎప్పుడూ కింది వరుసలోనే ఉంటాయి. ఆ చేతులలో అనేకం మనవారివి.