పగలు మన దగ్గర, రాత్రి ఇంటి దగ్గర



తప్పు చేసిన పిల్లవాణ్ణి హోంలో పెట్టడం ఆఖరి మార్గమేనని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. 18వ సెక్షన్ ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు అతణ్ణి ప్రొబేషన్ మీద ఇంటికి పంపి, బడికో వృత్తి శిక్షణకో వెళ్లమనవచ్చు.

మన కావలిలో ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం కింద కుటుంబాలకు కుటుంబాలనే సెటిల్‌మెంటులో ఉంచారు. 1952లో చట్టం రద్దయినా, ముద్ర తేలిగ్గా పోలేదు. హోం నుంచి వచ్చిన కుర్రవాణ్ణీ ఊరు అలాగే చూస్తుంది.

బోర్డు పంపుతానన్నా, పగలు వాడికి పని నేర్పే చోటుండాలి. కొడవలూరులో మన మిత్రులకు మోటారు వైండింగు షాపులున్నాయి. రిటైరైన మాస్టార్లు పదో తరగతి పాఠాలు చెప్పగలరు. నేనూ వారానికో రోజు వస్తాను. జూబిలీ గుర్తుగా, ఇద్దరు పిల్లలను మాకు అప్పగించండని సంఘం తరఫున బోర్డుకు రాద్దామని నా విన్నపం.