పరుపు మోసిన నలుగురు



ఈ శతాబ్ది సంవత్సరమున మన పితరుల ప్రయాసను స్మరించుకొనుచున్నాము. ఇట్టి వేళ ఒక వ్యాధిని గూర్చి మాటలాడుట తగునా యని కొందరు తలంచవచ్చును. కాని ఆ వ్యాధి మన ఇండ్లలోనే యున్నది. అది ఊపిరితిత్తుల కాన్సరు.

మొదట మా తప్పు ఒప్పుకొనెదము. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘ పెద్ద యొకరికి ఈ వ్యాధి యున్నట్లు తేలినది. మేము వారి యింటికి వెళ్ళి, కూర్చున్న వెంటనే, “పెద్దగారూ, చుట్ట ఎన్నాళ్ళనుండి కాల్చుచున్నారు?” అని అడిగితిమి. ఆయన జవాబు చెప్పక గోడవైపు తిరిగి పండుకొనిరి. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్క తీయలేదు, అతనికి చూపునిచ్చెను. మేమైతే ఆ శిష్యుల వలెనే అడిగితిమి.

పొగాకు ఈ వ్యాధికి ముఖ్య కారణమన్నది నిజమే. మన ప్రాంతమున చుట్ట పాత అలవాటు. నిప్పు కొనను నోటిలో నుంచుకొను అడ్డపొగను గూర్చి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, 1971లో ఒక పరిశోధన ప్రచురించిరి. వారిలో నూటికి 40 మందికి పైగా ఆ అలవాటు గలవారే. అడ్డపొగ ముఖ్యముగా అంగిలి కాన్సరును తెచ్చును. అయితే ఎన్నడును పొగ త్రాగనివారికి సైతము ఊపిరితిత్తుల కాన్సరు వచ్చుచున్నది. ఏ విధముగా వచ్చినను రోగి రోగియే.

పక్షవాయువు గలవానిని నలుగురు పరుపుతో మోసికొని వచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ఎదుట దించిన సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయములో నున్నది. మన ఊళ్ళలో మనిషి పోయిన తరువాత మోయుటకు నలుగురు తప్పక వత్తురు. బ్రదికి యుండగా మోయు నలుగురు కావలెను.

మొదటివాడు త్వరపెట్టువాడు. మూడు వారములు దాటిన దగ్గు, తెమడలో రక్తము, కారణము లేక బరువు తగ్గుట కనబడిన ఆలస్యము చేయరాదు. ఈ లక్షణములు క్షయలోను ఉండును; మందులు వాడినను గుణము కానరానిచో మరల పరీక్ష కోరవలెను. ముక్క తీసి పరీక్షించిన జబ్బు పాకునను భయముతో మానుకొనరాదు.

రెండవవాడు వెంట వెళ్ళువాడు. విశాఖపట్నములో అగనంపూడి యొద్ద టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి యున్నది. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమైన ప్రభుత్వ పథకములో కాన్సరు చికిత్సలు చేరియున్నవి. కాగితములు భద్రపరచి, ఇది ఏ రకము, ఎంతవరకు వ్యాపించినది, చికిత్స నయము చేయుటకా, ఉపశమనమునకా అని డాక్టరుగారిని అడిగి వ్రాసికొనవలెను.

మూడవవాడు ఇంటికి తోడు. ఇది అంటువ్యాధి కాదు; గిన్నె, గ్లాసు వేరు చేయనక్కరలేదు. వ్యాధి తెలిసిన తరువాత పొగ మానినను మేలే. సహాయమునకు 1800-112-356 అను ఉచిత ఫోను కలదు. రాత్రులు మేలుకొను ఇల్లాలికి ఒక్క పూట విశ్రాంతి నిచ్చుట గొప్ప పరిచర్య.

నాలుగవవాడు ప్రక్కన కూర్చుండువాడు. రోగి తెలిసికొన గోరిన సత్యమును దాచరాదు. నొప్పికి, ఆయాసమునకు డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చు మార్ఫిన్ మొదలగు మందులున్నవి. బాధ నోర్చుకొనుటయే విశ్వాసమని ఎవరికిని బోధింపకుడి.

మేము మరల ఆ పెద్దగారి యొద్దకు వెళ్ళి క్షమాపణ కోరితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “అయ్యగారూ, గురువారం ఇశాపట్నం ఎల్లాల. కూడా వస్తారేటి?” అనిరి. వెళ్ళితిమి. ఆ దినమున మాకు పరుపులో ఒక మూల దొరకినది.

కావున ప్రతి సంఘమును ఈ సంవత్సరమే నలుగురిని ఏర్పరచుకొనవలెనని మా మనవి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.