ఇంజన్ల రంగులు – ఆర్డరు రాకముందే వేసిన రంగు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నేను కాస్త వేరే ముచ్చట చెబుతాను. ఇది అమెరికా డీజిల్ ఇంజన్ల రంగుల కథ. ఫైళ్ళతో బతికిన మనకు ఇందులో పనికొచ్చే నీతి ఉంది.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ ఎక్కువగా నల్లరంగే. బొగ్గు మసికి ఏ రంగూ నిలిచేది కాదు. డీజిల్ వచ్చాక ఆ బెడద తగ్గింది. 1937లో శాంటా ఫే కంపెనీ తన ‘సూపర్ చీఫ్’ బండి ఇంజనుకు ముందువైపు ఎరుపు, వెనుక వెండిరంగు వేయించింది. చూస్తే అక్కడి ఆదివాసుల యుద్ధ తలపాగాలా ఉండేది. గీసినవారు జనరల్ మోటార్స్ చిత్రకారుడు లీలాండ్ నికర్‌బాకర్. ఆ రంగు చూడగానే పిల్లలు కూడా కంపెనీ పేరు చెప్పేవారట.

ఇక అసలు కథ. 1983 డిసెంబరులో శాంటా ఫే, సదరన్ పసిఫిక్‌ల మాతృ సంస్థలు ఒకటయ్యాయి. రైల్వేలు రెండూ కలవడానికి మాత్రం ప్రభుత్వ వాణిజ్య కమిషన్ అనుమతి కావాలి. అది వస్తుందన్న ధీమాతో 1985 నుంచే ఎరుపు, పసుపు, నలుపు కలిపిన కొత్త రంగు వేయడం మొదలుపెట్టారు. ఒక కంపెనీ ఇంజన్ల మీద ‘ఎస్.పి.’ అని, రెండో దాని ఇంజన్ల మీద ‘ఎస్.ఎఫ్.’ అని రాసి, తక్కిన రెండక్షరాలకు ఖాళీ జాగా వదిలారు. అలా వందలాది ఇంజన్లు తయారయ్యాయి.

1986 జులైలో కమిషన్ 4–1 ఓట్లతో కాదంది. రెండు లైన్లూ చాలాచోట్ల ఒకే ప్రాంతాలకు పోయేవి కనుక కలిస్తే పోటీ పోతుందని కారణం చూపింది. ఆ ఖాళీలు ఖాళీగానే మిగిలాయి. ‘ఎస్.పి.ఎస్.ఎఫ్.’ అంటే ‘అంత తొందరగా రంగు వేయకూడదు’ అని అర్థమంటూ జనం హాస్యమాడారు. శాంక్షను రాకముందే ఖర్చు రాస్తే ఆడిట్‌వారు ఏమంటారో మనకు ఒకరు చెప్పాలా!

1989లో శాంటా ఫే తన పాత ఎరుపు, వెండిరంగులనే మళ్ళీ తెచ్చుకుంది. సదరన్ పసిఫిక్ 1996లో యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది. అయితే ఆ పెద్ద కంపెనీ 2005, 2006లలో ఒక మంచి పని చేసింది. తనలో కలిసిన ఆరు రైల్వేల పాత రంగులను గుర్తుచేస్తూ ఆరు ఇంజన్లకు రంగులు వేయించింది. వాటిలో ఎక్కువ ఇంజన్లకు ఆ రైల్వే కలిసిన సంవత్సరాన్నే నంబరుగా ఇచ్చింది. సదరన్ పసిఫిక్ ఇంజను నంబరు 1996.

మన దగ్గరా అంతే. 1962లో అమెరికా నుంచి మొదలైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు తర్వాత వారణాసిలో తయారయ్యాయి. అవి ఏ షెడ్డుకు చేరితే ఆ షెడ్డు రంగు వేసుకున్నాయి. రంగును బట్టి ఊరు చెప్పగలిగినవారు మనలో ఎందరో!

శాఖలు కలుస్తాయి, విడిపోతాయి, బోర్డులు మారతాయి. కానీ అక్కడ పనిచేసినవారి పేరు, ఆనవాలు చెరిపేయకుండా ఒక మూలనైనా ఉంచడం సంస్థకు గౌరవం. మన సంఘం పాత శాఖల పేర్లను, ఫోటోలను ఒక రిజిస్టరులో భద్రపరచాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.